మనుషులను అరువిచ్చే గ్రంథాలయం: హ్యూమన్ లైబ్రరీ సేవపై సమీక్ష

హ్యూమన్ లైబ్రరీ ఏం చేస్తుందో చెప్పడం తేలిక. ఇక్కడ పుస్తకానికి బదులు ఒక మనిషిని సుమారు అరగంట సేపు అరువు తీసుకోవచ్చు. ఆ మనిషి తన జీవితం గురించి చెబుతారు, వచ్చినవారు తమకు తోచినది అడుగుతారు, గడువు తీరగానే ఎవరి దారిన వారు వెళ్తారు. శరణార్థి, నిరాశ్రయుడు, మాజీ ఖైదీ, తాగుడు మానుకున్న మనిషి, పోలీసు, ఫలానా మతాన్ని పాటించే స్త్రీ, ఇలా ఏ మాట చెవిన పడగానే సమాజం ఒక తీర్పుకు వచ్చేస్తుందో ఆ మాటలే ఈ పుస్తకాలకు శీర్షికలు. కథలే మనుషుల మధ్య గోడలు కడతాయని, ఆ గోడలను కూల్చేవీ కథలేనని తరచూ వింటుంటాం. ఆ రెండో మాటను నమ్మి నడుస్తున్న సేవ ఇది కనుక, ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక మనిషికి మరొక మనిషి మీద ఉన్న దురభిప్రాయాన్ని సడలించడంలో ఈ సేవ చక్కగా పనిచేస్తుంది; ఒక సమూహం తన గురించి, తన శత్రువు గురించి తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ జోలికి మాత్రం అది దాదాపుగా వెళ్లదు, పైగా ఒక్కోసారి ఆ కథలోని మాటలనే అట్ట మీద అచ్చువేసి చేతికిస్తుంది.

దీని పుట్టుక 2000 సంవత్సరంలో డెన్మార్క్‌లో జరిగింది. హింసకు వ్యతిరేకంగా పనిచేస్తున్న ఒక యువజన సంస్థకు చెందిన రోనీ ఆబెర్గెల్, ఆయన సహచరులు రోస్కిల్డె సంగీతోత్సవంలో నాలుగు రోజుల పాటు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున, యాభైకి పైగా శీర్షికలతో దీన్ని తొలిసారి నడిపారు. వెయ్యికి మించిన పాఠకులు వచ్చారు. 2006లో ఆస్ట్రేలియాలోని లిస్మోర్ పట్టణం దీన్ని తన గ్రంథాలయంలో స్థిరమైన కార్యక్రమంగా చేర్చుకుంది. ప్రస్తుతం ఎనభైకి పైగా దేశాల్లో నిర్వాహకులు, స్వచ్ఛంద కార్యకర్తలు దీన్ని జరుపుతున్నారు. కరోనా కాలం నుంచి ఆన్‌లైన్ పఠనాలు కూడా తోడయ్యాయి. కోపెన్‌హాగన్‌లోని కేంద్ర సంస్థ ఇతర సంస్థల సిబ్బందికి శిక్షణగానూ దీన్ని అందిస్తుంది.

ఏర్పాటులో ఆడంబరమేమీ ఉండదు. ఒక బల్ల దగ్గర లైబ్రేరియన్ కూర్చొని ఉంటారు, ఎదురుగా శీర్షికల పట్టిక ఉంటుంది, కొన్నింటికి కింద ఒకటి రెండు వాక్యాల పరిచయం ఉంటుంది. మనం శీర్షికను ఎంచుకుంటే లైబ్రేరియన్ మనల్ని ఆ వ్యక్తి దగ్గర కూర్చోబెట్టి నియమాలు చెబుతారు. ఏ ప్రశ్నైనా అడగవచ్చు. జవాబు చెప్పకుండా ఉండే హక్కు పుస్తకానికి ఉంది. పుస్తకాన్ని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. ఈ చివరి నియమం విన్నప్పుడు చాలామంది నవ్వుతారు. కానీ ఎదుటివారి గాయాన్ని కెలికి, వారిని నొప్పించి, లేచి పోయే అధికారం మనకు లేదని ఇంత తక్కువ మాటల్లో, ఉపన్యాసం లేకుండా చెప్పగలిగిన నియమం మరే సంభాషణా కార్యక్రమంలోనూ నాకు కనబడలేదు. అన్నిటికన్నా మెచ్చుకోవలసినది, ఇక్కడ ఎవరూ ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించకపోవడం. పుస్తకంగా కూర్చున్నవారు తమ వర్గం తరఫున వకాల్తా పుచ్చుకోరు. వారి శిక్షణలోనే ఆ జాగ్రత్త ఉంటుంది. తమకు జరిగినది చెబుతారు, తమకు తెలియనిది తెలియదంటారు.

ఈ చివరి గుణం ఎందుకంత విలువైనదో తెలియాలంటే సంఘర్షణలను పెంచే కథలు ఎలా ఉంటాయో ఒకసారి చూడాలి. 1389లో కొసొవో మైదానంలో సెర్బు రాజు లాజర్‌కూ, ఒట్టోమన్ సుల్తాను మురాద్‌కూ మధ్య జరిగిన యుద్ధంలో ఇద్దరు పాలకులూ మరణించారు; సైనికంగా ఎవరు గెలిచారన్న విషయంలో చరిత్రకారులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అయినా గుస్లె అనే ఒంటితీగ వాద్యం మీద తరాల తరబడి పాడిన వీరగాథల్లో అది భూలోక రాజ్యాన్ని వదులుకొని స్వర్గరాజ్యాన్ని ఎంచుకున్న త్యాగంగా, ఒక జాతి తలరాతను నిర్ణయించిన ఓటమిగా మారింది. సరిగ్గా ఆరు వందల ఏళ్ల తర్వాత, 1989 జూన్ 28న, అదే మైదానంలోని గజిమెస్టాన్ దగ్గర సెర్బియా నాయకుడు స్లోబొదాన్ మిలోషెవిచ్ భారీ జనసమూహం ముందు మాట్లాడుతూ, ఇప్పుడు కూడా పోరాటాలు సాగుతున్నాయని, సాయుధ పోరాటాలను సైతం తోసిపుచ్చలేమని సూచించాడు. రెండేళ్లు తిరగకముందే యుగోస్లావియాలో యుద్ధాలు మొదలయ్యాయి. ఆ గాథలే యుద్ధాన్ని తెచ్చాయనడం తొందరపాటు అవుతుంది. ఆర్థిక సంక్షోభం, చీలిపోతున్న రాజ్యవ్యవస్థ, పదవుల కోసం పెనుగులాట, అన్నీ కలిశాయి. అయితే ఆ కారణాలన్నిటినీ సామాన్యుడికి అర్థమయ్యే ఒకే కథగా అల్లడానికి కావలసిన నాయకుడు, ద్రోహి, శత్రువు అనే పాత్రలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. మనోవిశ్లేషకుడు వామిక్ వోల్కాన్ ఇటువంటి జ్ఞాపకాన్ని సమూహం ఎంచుకున్న గాయం అన్నాడు. జరిగిన నష్టాలన్నిటిలోనూ ఒకదాన్ని పట్టుకొని, దానితోనే తన అస్తిత్వాన్ని ముడివేసుకొని, అవసరం వచ్చినప్పుడల్లా అది నిన్ననే తగిలినట్టు బాధపడడం ఆయన చెప్పిన లక్షణం.

ఇటువంటి కథల్లో ఎదుటి పక్షానికి మనుషులు ఉండరు. వారికి పేరు, వృత్తి, అత్తగారితో తగాదా, మోకాలి నొప్పి ఏవీ ఉండవు. ఒక సామూహిక నామం మాత్రమే ఉంటుంది. 1993లో ప్రసారాలు మొదలుపెట్టిన రువాండాలోని ఆర్‌టీఎల్‌ఎం రేడియో టుట్సీ తెగవారిని బొద్దింకలని పిలుస్తూ, 1994 నాటి మారణకాండకు ముందూ ఆ రోజుల్లోనూ చేసినది ఇదే. 2003లో రువాండా కోసం ఏర్పాటైన అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ ఆ రేడియో వ్యవస్థాపకుల్లో ఇద్దరిని దోషులుగా నిర్ధారించింది. హ్యూమన్ లైబ్రరీ ఈ పద్ధతిని తలకిందులు చేస్తుంది. సామూహిక నామం పెట్టుకొని కూర్చున్న మనిషి రెండో నిమిషంలోనే తన నిద్రలేమి గురించో, కొడుకు చదువు గురించో మాట్లాడడం మొదలుపెడితే, ఆ నామం వెనుక మనం ఊహించుకున్న బొమ్మకు ఈ వివరాలను ఎక్కడ అతికించాలో తోచదు. పాఠకుడిగా నేను గమనించినది కూడా అదే: మనసును కదిలించినవి పెద్ద విషాదాలు కావు, కథకు అవసరం లేని చిల్లర వివరాలు.

వాదన కన్నా కథ మెరుగ్గా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో ప్రచురించిన పరిశోధనలో, అమెరికాలోని మయామీలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి సుమారు పది నిమిషాల పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయమై, ఎదుటివారిని తప్పుపట్టకుండా, స్వీయానుభవాలను ఇచ్చిపుచ్చుకుంటూ మాట్లాడితే వ్యతిరేకత తగ్గిందని, ఆ మార్పు కనీసం మూడు నెలలు నిలిచిందని తేలింది. వీరే 2020లో వెలువరించిన మరో పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది: వలసదారుల గురించి వాదనలు మాత్రమే వినిపించిన సంభాషణల వల్ల ఏ ప్రభావమూ కనబడలేదు, అవే సంభాషణలకు కథలు పంచుకోవడాన్ని జోడిస్తే ప్రభావం నెలల తరబడి నిలిచింది. హ్యూమన్ లైబ్రరీ వాదనను పక్కన పెట్టి అనుభవాన్ని ముందుకు తీసుకురావడం సరైన నిర్ణయమే. కానీ ఆ పరిశోధనల్లో కథలు రెండు వైపుల నుంచీ నడిచాయి. తలుపు తీసినవారు కూడా తమను ఎవరో తక్కువగా చూసిన సందర్భాన్ని గుర్తు చేసుకొని చెప్పారు. హ్యూమన్ లైబ్రరీలో ఒకరు పుస్తకం, మరొకరు పాఠకులు. పుస్తకం విప్పుకుంటుంది, పాఠకులు మూసుకొనే ఉండవచ్చు.

ఇది లోపమా అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. ఎమిల్ బ్రూనో, రెబెకా సాక్స్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, అమెరికాలోని మెక్సికన్ వలసదారులనూ తెల్లజాతి అమెరికన్లనూ, అలాగే పాలస్తీనీయులనూ ఇజ్రాయెలీలనూ జతలుగా కలిపి, ఒకరు తమ వర్గం కష్టాలను చెప్పేటట్టు, మరొకరు విని తిరిగి చెప్పేటట్టు ఏర్పాటు చేశారు. పైచేయిగా ఉన్న వర్గంవారికి వినడం వల్ల మేలు జరిగింది. అణగి ఉన్న వర్గంవారికి వినడం కన్నా తమ మాటను ఎదుటివారు శ్రద్ధగా వినడం వల్ల మేలు జరిగింది. ఈ లెక్కన చూస్తే, సమాజం చిన్నచూపు చూసేవారిని పుస్తకాలుగా, మిగిలినవారిని పాఠకులుగా కూర్చోబెట్టే హ్యూమన్ లైబ్రరీ ఏకపక్షత సమంజసమైనదే అవుతుంది. చెప్పుకునే అవకాశం ఎన్నడూ దొరకనివారికి అది దొరుకుతుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదే పట్టికలో పోలీసు అనే శీర్షిక కూడా ఉంటుంది, పోలీసు దెబ్బలు తిన్న కుటుంబం నుంచి వచ్చిన పాఠకుడు దాన్ని ఎంచుకోవచ్చు. అప్పుడు మళ్లీ వినవలసిన వంతు ఎప్పుడూ వింటూ వచ్చినవాడిదే అవుతుంది. శీర్షికలన్నీ ఒకే వరుసలో, ఒకే అక్షరాల్లో కనబడే పట్టిక వాటి వెనుకనున్న అధికారపు హెచ్చుతగ్గులను చూపదు. ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో ఆలోచించగల లైబ్రేరియన్ ఉన్నచోట ఇది సర్దుకుంటుంది, వచ్చిన వరుసలో పంపించేచోట సర్దుకోదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ సందేహం కలిగించేది శీర్షికే. ఈ సేవకు జనం రావడానికి కారణం అదే, కుతూహలాన్ని రేపేది అదే, పేరు పెట్టి చెప్పడానికి అందరూ జంకే మాటను బల్ల మీద పెట్టే ధైర్యమూ అందులోనే ఉంది. అయితే ఒక మనిషి ఆ అరగంటలో తన తోటపని గురించి ఎంత మాట్లాడినా, ఆమెను పాఠకులు ఎంచుకున్నది శరణార్థి అన్న మాట చూసి. ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే వస్తాయి. అంతేకాదు, మంచి పుస్తకం దొరికిన పాఠకులు తరచుగా చేరుకునే నిర్ణయం ఇదీ: వీరు అందరిలాంటివారు కారు. దురభిప్రాయం చెక్కుచెదరదు, దానికి ఒక మినహాయింపు మాత్రం చేరుతుంది. సామాజిక మనస్తత్వశాస్త్రంలో ఇది కొత్త విషయం కాదు. 1983లో వెబర్, క్రాకర్ జరిపిన ప్రయోగాల్లో, ఒక వర్గం గురించి మనసులో ముందే ఉన్న మూసకు సరిపడని లక్షణాలన్నీ ఒకరిద్దరిలోనే కనబడినప్పుడు జనం వారిని విడిగా తీసి పక్కన పెట్టి మూసను అలాగే ఉంచుకున్నారు; అవే లక్షణాలు ఎక్కువమందిలో చెదురుమదురుగా కనబడినప్పుడు మూస సడలింది. ఈ ఫలితాన్ని హ్యూమన్ లైబ్రరీకి వర్తింపజేస్తే, ఒకే శీర్షిక కింద ఇద్దరు ముగ్గురు వేర్వేరు స్వభావాలవారు, వీలైతే ఒకరి మాటను మరొకరు ఒప్పుకోనివారు ఉండడం మేలు. పట్టికలో శీర్షికల సంఖ్య పెంచడం చూడడానికి బాగుంటుంది, కానీ ఇరవై శీర్షికలకు ఇరవై మంది ఉన్న పట్టిక కన్నా ఏడు శీర్షికలకు ఇరవై మంది ఉన్న పట్టిక మెరుగైనదని నేను అనుకుంటాను.

మళ్లీ మళ్లీ చెప్పే కథకు వచ్చే మరో జబ్బు కూడా ఉంది. ఒకే అనుభవాన్ని ఎందరో అపరిచితులకు చెప్పినప్పుడు అది నునుపు తేలుతుంది. ఎక్కడ ఆగితే పాఠకులు ఊపిరి బిగపడతారో, ఎక్కడ నవ్వితే తేలికపడతారో చెప్పేవారికి తెలిసిపోతుంది. కష్టం, మలుపు, కోలుకోవడం అనే క్రమంలోకి జీవితం ఒదిగిపోతుంది. కోలుకోనివారి కథకు, కోపం తగ్గనివారి కథకు ఈ క్రమంలో చోటు తక్కువ. వినేవారికి మనసు కుదుటపడేటట్టు చెప్పగలిగినవారే మంచి పుస్తకాలుగా పేరు తెచ్చుకుంటే, బాధితులు హుందాగా, క్షమాగుణంతో, ఓపిగ్గా ఉండాలన్న కొత్త మూస ఒకటి తయారవుతుంది. దీనికి మందు పాఠకుల చేతిలోనే ఉంది. కథ సాఫీగా సాగుతున్నచోట ఆపి, ఆ రోజు వాతావరణం ఎలా ఉందనో, అప్పుడు మీ పక్కన ఎవరున్నారనో, ఇది విని మీ ఇంట్లోవారు ఏమంటారనో అడిగితే, తయారుగా ఉన్న వాక్యాలు అయిపోయి అసలు సంభాషణ మొదలవుతుంది. మీ వర్గంవారు ఎందుకలా చేస్తారు అన్న ప్రశ్న మాత్రం అడగకపోవడమే మంచిది. దానితో ఎదుటి మనిషిని మళ్లీ ప్రతినిధిగా మార్చేస్తాం.

ఇదే రంగంలో ఉన్న ఇతర ప్రయత్నాలతో పోల్చినప్పుడు హ్యూమన్ లైబ్రరీ బలం, పరిమితి రెండూ తేటపడతాయి. డేవ్ ఐజే 2003లో న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో చిన్న రికార్డింగు గదితో ప్రారంభించిన స్టోరీకోర్, 2018 నుంచి రాజకీయంగా భిన్నాభిప్రాయాలున్న ఇద్దరు అపరిచితులను కూర్చోబెట్టి, రాజకీయాల మీద వాదించకుండా తమ జీవితాల గురించి మాట్లాడించే కార్యక్రమాన్ని నడుపుతోంది. సంభాషణ మొదట్లో ఒకరు రాసుకున్న స్వపరిచయాన్ని మరొకరు పైకి చదువుతారు. ఎదుటి మనిషి నేను అని రాసుకున్న వాక్యాలను మన గొంతుతో పలకవలసి రావడం చిన్న ఉపాయమే అయినా, అక్కడ ఇద్దరూ పుస్తకాలే, ఇద్దరూ పాఠకులే. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, సంస్థల మద్దతు ఉంటేనే వర్గాల మధ్య పరిచయం దురభిప్రాయాన్ని తగ్గిస్తుందని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో పెట్టిన షరతుల్లో మొదటిదాన్ని ఈ నమూనా హ్యూమన్ లైబ్రరీ కన్నా బాగా తీరుస్తుంది. అయితే తేలిక విషయంలో హ్యూమన్ లైబ్రరీదే పైచేయి. అటువైపు వెళ్తున్న ఎవరైనా, చాలాచోట్ల ముందస్తు నమోదు బెడద లేకుండా కూర్చోగలిగే సేవ అది.

సామూహిక కథ జోలికే వెళ్లిన ప్రయత్నం కావాలంటే మరోవైపు చూడాలి. ఇజ్రాయెలీ మనస్తత్వవేత్త డాన్ బార్-ఆన్ 1992లో నాజీ నేరస్థుల సంతానాన్ని, యూదు సంహారం నుంచి బతికి బయటపడినవారి సంతానాన్ని ఒకచోట చేర్చాడు. ఆ బృందం ఒక్కసారితో ఆగకుండా ఏళ్ల తరబడి కలుస్తూ వచ్చింది. తర్వాత ఆయనా, పాలస్తీనా విద్యావేత్త సామీ అద్వాన్ కలిసి, రెండు వైపుల ఉపాధ్యాయులతో ఒక పాఠ్యగ్రంథం రాయించారు. ప్రతి పుటలోనూ ఒక వైపు ఇజ్రాయెలీ కథనం, మరో వైపు పాలస్తీనా కథనం, నడుమ విద్యార్థి రాసుకోవడానికి ఖాళీ. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 అనే ఒకే ఏడాది ఒకరికి స్వాతంత్ర్యంగానూ మరొకరికి మహావిపత్తుగానూ పక్కపక్కనే కనబడుతుంది. రెండింటినీ కలిపి ఒకే కథ చేయడానికి వారు ప్రయత్నించలేదు, అదే ఆ గ్రంథం నిజాయితీ. ఆ పని ఎంత కష్టమో, దానికి ఎంత వ్యతిరేకత వస్తుందో చూస్తే, హ్యూమన్ లైబ్రరీ తన పరిధిని వ్యక్తులకే పరిమితం చేసుకోవడం ఎందుకో అర్థమవుతుంది. అయితే పరిమితం చేసుకున్నాక, సమాజాలను కలుపుతామన్న పెద్ద మాటలు దాని ప్రచారంలో ఎవరు వాడినా కొంచెం తగ్గించి చదువుకోవాలి.

ఎందుకంటే వ్యక్తి మనసు మారడం వేరు, నలుగురి మధ్య ఏది అనదగినదో మారడం వేరు. రువాండాలో 2004 నుంచి ప్రసారమైన ముసెకెవెయా అనే రేడియో నాటకం, పొరుగున ఉన్న రెండు గ్రామాల మధ్య రగిలే పగల కథను ఏళ్ల పాటు చెప్పింది. ఎలిజబెత్ లెవీ పలక్ దాని ప్రభావాన్ని ఏడాది పాటు పరిశీలించి 2009లో ప్రచురించిన ఫలితాల్లో, శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. తమ సమాజంలో ఏది సబబు, ఇతరులు ఎలా నడుచుకుంటారు అన్న అంచనాలు, వాటితో పాటు ప్రవర్తన మారాయి. జనం ఆ నాటకాన్ని గుంపుగా కూర్చొని విన్నారన్నది ఇక్కడ గమనించదగిన విషయం. పక్కవాడు కూడా వింటున్నాడని, అతడు కూడా తల ఊపుతున్నాడని చూడడంలోనే సగం పని జరిగింది. హ్యూమన్ లైబ్రరీ దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇద్దరు, ఒక బల్ల, తగ్గుగొంతు. నమ్మకం సడలవచ్చు, కానీ అలా సడలిన పాఠకుడు ఇంటికి వెళ్లి తన బంధువుల మధ్య, పాత పరిహాసాలు సాగుతున్నచోట కూర్చున్నప్పుడు, తనలాగే మారినవారు ఇంకెవరైనా ఉన్నారో లేదో అతడికి తెలియదు. పఠనాలు ముగిశాక పాఠకులందరినీ కాసేపు ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే నిర్వాహకులు ఈ లోటును ఎంతో కొంత పూడుస్తారు. నిర్వాహకులకు నేను చేయదలచిన సూచనల్లో దీనికే మొదటి స్థానం.

పుస్తకాలుగా కూర్చునేవారి శ్రమ గురించి ఒక మాట చెప్పాలి. ఒకే రోజున పలువురి దగ్గర, అవే ప్రశ్నలకు, తమ జీవితంలోని అత్యంత బాధాకరమైన భాగాన్ని విప్పడం మామూలు పని కాదు. వీరిలో చాలామంది స్వచ్ఛందంగా వచ్చేవారు. విరామాలు ఇవ్వడం, పఠనాల తర్వాత పలకరించేవారు ఉండడం, ఇక చాలనుకున్నప్పుడు సంజాయిషీ లేకుండా తప్పుకొనే వీలు ఉండడం సౌకర్యాలు కావు, కనీస బాధ్యతలు. వెళ్లేముందు నిర్వాహకులు ఈ విషయాల్లో ఏం చేస్తున్నారో అడగండి. జవాబులో తడబాటు ఉంటే ఆ కార్యక్రమాన్ని వదిలేయండి.

మొత్తం మీద ఈ సేవను ఎవరికి సిఫారసు చేస్తానంటే, ఒక వర్గం గురించి బలమైన అభిప్రాయం ఉండి, ఆ వర్గంవారితో ఎన్నడూ తీరిగ్గా మాట్లాడనివారికి తప్పకుండా. పట్టికలో మీకు ముందే సానుభూతి ఉన్న శీర్షికను ఎంచుకుంటే మంచి సాయంత్రం గడుస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. మీకు చికాకు కలిగించే శీర్షికను అడగండి, ఒకే శీర్షిక కింద ఇద్దరుంటే ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో తీసుకోండి. ఆన్‌లైన్ పఠనం కన్నా ఎదురెదురుగా కూర్చోవడమే మేలు, ఎందుకంటే మాట ఆగినచోట ఏం జరుగుతుందో తెర మీద సరిగా తెలియదు. ప్రస్తుతం రగులుతున్న ఘర్షణలో ఇరుపక్షాలవారిని కలపడానికి దీన్ని వాడాలనుకునేవారికి మాత్రం ఇది చాలదు. వారికి కావలసినది అరగంట కాదు, బార్-ఆన్ బృందంలాంటి ఏళ్ల ఓపిక. ఉద్యోగుల మధ్య వివక్ష ఉందన్న ఫిర్యాదులు వచ్చాక, ఒక మధ్యాహ్నం పూట ఈ కార్యక్రమం జరిపించి లెక్కల్లో శిక్షణ పూర్తయిందని రాసుకోవాలనుకునే సంస్థలకు నేను దీన్ని సిఫారసు చేయను. వారు ముందుగా ఆ ఫిర్యాదులు చేసినవారిని కూర్చోబెట్టి వినడం మంచిది.